నానోద్రవాల మీద పీహెచ్‌డీ: ఇంకా తేల్చవలసింది ఏమైనా మిగిలిందా?

ఉప్పల్ తండ్రి:
మా అమ్మాయికి నగరంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. నీటిలో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) నానోకణాలు, అంటే కంటికి కనబడనంత సన్నటి పొడి, కలిపి, ఆ ద్రవాన్ని వేడి గొట్టంలో పారించి, అది వేడిని ఎంత బాగా మోసుకుపోతుందో కొలవడం అంశంగా ఇస్తామంటున్నారు. నేను బీమా ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి, నాకు ఇందులో ఓనమాలు తెలియవు. అంశం పాతబడిపోయిందని ఒకరు, బ్రహ్మాండమని ఇంకొకరు చెబుతున్నారు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

థర్మల్ మాస్టారు:
నిస్సందేహంగా చేరమనండి. నీటి ఉష్ణవాహకత, అంటే వేడిని తనగుండా పోనిచ్చే గుణం, 0.6 యూనిట్లయితే రాగిది సుమారు 400. లోహపు పొడిని ద్రవంలో కలిపితే వేడి బాగా పారుతుందని మాక్స్‌వెల్ 19వ శతాబ్దంలోనే లెక్క కట్టాడు గానీ, ముతక కణాలు అడుగుకు దిగి గొట్టాలను పూడ్చేసేవి. 1995లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో స్టీఫెన్ చోయ్ నానోకణాలతో ఆ చిక్కును దాటవచ్చని చెప్పి ఈ ద్రవాలకు నానోద్రవాలని పేరు పెట్టాడు. 2001లో ఇథిలీన్ గ్లైకాల్ అనే శీతలీకరణ ద్రవంలో 0.3 శాతం రాగి కణాలకే ఉష్ణవాహకత 40 శాతం పెరిగిందని ఆ బృందమే ప్రకటించింది. ఇంత ఆశ చూపిన రంగం పాతబడిందనడం తొందరపాటు.

బాలానగర్ టర్నర్:
అయ్యా, అడుగుకు దిగడం పోయిందన్నారు కాబట్టి నా అనుభవం చెబుతాను. ఒక ఏజెంటు మాట నమ్మి సీఎన్‌సీ లేతు కూలెంటులో (కోత చోట చల్లబరిచే ద్రవంలో) నానో పొడి కలిపిన ద్రావణం పోయించాను. పదకొండో రోజున పంపు ఆగింది. ట్యాంకులో చెయ్యి పెడితే అడుగున తడిపిన ముగ్గుపిండిలాంటి ముద్ద తగిలింది, ఫిల్టరు జాలీ మొత్తం పూడుకుపోయింది. రెండు రోజులు మిషను ఆగిన నష్టం ఎవరు ఇస్తారు?

థర్మల్ మాస్టారు:
అది సరిగా తయారు చేయని సరుకు దోషం, శాస్త్రం దోషం కాదు.

మాజీ స్కాలర్:
మాస్టారూ, మీరు 2001 దగ్గరే ఆగిపోయారు. ఒకే ద్రవాలను 30కి పైగా సంస్థలకు పంపి, ఎవరికి వారు కొలిచి చూసిన ఫలితాలు 2009లో వచ్చాయి. అసాధారణమైన పెరుగుదల ఏదీ కనబడలేదు, మాక్స్‌వెల్ సూత్రాన్ని కాస్త విస్తరించిన పాత సిద్ధాంతమే ఆ అంకెలకు సరిపోయింది. ఆ సూత్రం ప్రకారం ఎంత మంచి వాహకమైన గుండ్రటి కణాలు కలిపినా 1 శాతానికి వచ్చేది సుమారు 3 శాతం పెరుగుదల మాత్రమే.

థర్మల్ మాస్టారు:
ఆ పోలికలో పరీక్షించిన నమూనాలలో రాగి, ఇథిలీన్ గ్లైకాల్ జంట లేనే లేదు. కణాలు గొలుసుల్లా చేరితే మాక్స్‌వెల్ అంచనా కన్నా ఎక్కువ రావడానికి కారణం కూడా ఉంది. పైగా గొట్టంలో పారేటప్పుడు ఉష్ణబదిలీ గుణకం (గొట్టం గోడ నుంచి ద్రవం వేడిని అందుకునే జోరు) 15, 20 శాతం పెరిగిందని చూపిన పత్రాలు కోకొల్లలు.

మాజీ స్కాలర్:
గొలుసులు కడితే స్నిగ్ధత (ద్రవపు చిక్కదనం) కూడా పెరుగుతుంది కదా. ఇక ఆ పత్రాలలో పోలిక దేని ఆధారంగా చేశారో చూడండి. చాలామంది రేనాల్డ్స్ సంఖ్యను (వేగం, సాంద్రత, గొట్టం వ్యాసాలను గుణించి స్నిగ్ధతతో భాగిస్తే వచ్చే, ప్రవాహం తీరును చెప్పే అంకెను) సమానంగా ఉంచుతారు. కణాలు కలిపాక స్నిగ్ధత 20 శాతం, సాంద్రత 3 శాతం పెరిగాయనుకుందాం. అదే రేనాల్డ్స్ సంఖ్య రావాలంటే ప్రవాహ వేగాన్ని 16 శాతానికి పైగా పెంచాలి. సంక్షుబ్ధ (సుడులు తిరిగే) ప్రవాహంలో ఉష్ణబదిలీ గుణకం సుమారుగా వేగపు 0.8వ ఘాతం వెంట నడుస్తుంది కాబట్టి, ఏ కణాలూ లేని మంచినీళ్లను అంత వేగంగా పారించినా 13 శాతం లాభం వస్తుంది. పంపు ఖర్చేమో 50 శాతానికి పైగా పెరుగుతుంది. ఇది నానో ఘనత కాదు, కుళాయి ఎక్కువ తిప్పిన ఘనత.

థర్మల్ మాస్టారు:
రేనాల్డ్స్ సంఖ్య ఆధారంగా పోల్చడం ప్రతి పాఠ్యపుస్తకంలో ఉన్న పద్ధతి. మీరు దానినే తప్పు పడుతున్నారు.

మాజీ స్కాలర్:
పద్ధతిని కాదు, పంపు శక్తిని సమానంగా ఉంచి ఆ పక్కనే ఇంకొక పట్టిక వేయకపోవడాన్ని తప్పు పడుతున్నాను.

థర్మల్ మాస్టారు:
రేనాల్డ్స్ సంఖ్య సమానంగా ఉంటేనే ప్రవాహాల తీరు ఒకటిగా ఉంటుంది. ఇది తెలియకుండా వాదించడం సబబు కాదు.

చర్లపల్లి గేరు:
ఇద్దరూ వేడి దగ్గరే తిరుగుతున్నారు, కందెనల సంగతి వేరు. అక్కడ కణం పని వేడిని మోయడం కాదు, రాపిడి తలాల మధ్య పొరగా నిలవడం. మాలిబ్డినం డైసల్ఫైడ్ పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి కాబట్టి అది నానోకు ముందు నుంచీ గ్రీజులో ఉన్నదే. అయితే మా దగ్గరికి నానో కందెనలు అమ్మడానికి వచ్చేవారు చూపేది ఫోర్‌బాల్ పరీక్ష ఫలితం: కందెనలో ఒకదానితో ఒకటి రాసుకునే నాలుగు ఉక్కు గుండ్లు, 75 డిగ్రీలు, ఒక గంట. ఆ గంటలో అరుగుదల మచ్చ చిన్నదైతే కావచ్చు. ఆరు నెలలు గేరుబాక్సులో కూర్చున్నాక కణాలు ఎక్కడ ఉంటాయో మాత్రం ఎవరూ చూపలేదు.

బాలానగర్ టర్నర్:
ఎక్కడ ఉంటాయో నేను చెప్పాను కదా సార్, అడుగున.

థర్మల్ మాస్టారు:
చేతిలో ఒక పత్రం కూడా లేనివారు, మధ్యలో వదిలేసి వెళ్లినవారు రంగం మొత్తాన్ని కొట్టిపారేయడం ఈ రోజుల్లో పరిపాటి అయింది.

మాజీ స్కాలర్:
వదిలేసినవాణ్ణి నేనేనని గ్రహించారు, సంతోషం. నాలుగేళ్లు చేశాను మాస్టారూ. రాత్రి బీకరులో పాలలా ఉన్న ద్రవం ఉదయానికి పైన వేలు మందాన తేటపడేది. ఉష్ణవాహకతలో పెరుగుదల 2 శాతం వచ్చింది, నా పరికరం పొరపాటు హద్దు 3 శాతం. అంటే ఏమీ రాలేదని అర్థం. మా గైడు గారు సోనికేషన్ (కణాల ముద్దలను అతిధ్వని తరంగాలతో విడగొట్టడం) చాలలేదన్నారు. రెండు గంటలు ఆరు గంటలైంది, చివరకు సోనికేటర్ మొనే అరిగి నల్లటి నలుసులు ద్రవంలో కలిశాయి. అప్పుడు పెరుగుదల వచ్చేదాకా థీసిస్ రాయవద్దన్నారు. నేను రాయలేదు. నాకు కోపం కణాల మీద కాదు. లాభం లేదని నిజాయతీగా కొలిచినవాడికి పట్టా లేకపోవడం మీద.

లేట్ నైట్ ల్యాబ్:
నాదీ ఇదే కథ. ఇంకేమీ రాయను.

థర్మల్ మాస్టారు:
మీ సంగతి తెలియక అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే నా వైపు నుంచి కూడా వినండి. మా విభాగంలో ఉన్నవి ఒక పంపు, ఒక హీటరు, పది థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచే తీగలు). ఈ సామగ్రితో ఒక విద్యార్థి కొలత అంటే ఏమిటో, పొరపాటు హద్దు అంటే ఏమిటో నేర్చుకోగల అంశం ఇది, అందుకే ఇస్తాను. లాభం లేదని రాసి పంపిన పత్రం కొత్తదనం లేదంటూ తిరిగి వస్తుంది. రెండుసార్లు తిరిగి వచ్చాక, రేనాల్డ్స్ సంఖ్య ఆధారంగా గ్రాఫు వేయమని నేనే ఒక విద్యార్థికి చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదు, కానీ పంపు శక్తి గ్రాఫును పక్కన పెట్టించినది కూడా నేనే.

మాజీ స్కాలర్:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు.

ఉప్పల్ తండ్రి:
అందరికీ నమస్కారాలు. రేనాల్డ్స్ గారు నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఇంతకీ మా అమ్మాయి ఏం అడగాలి?

మాజీ స్కాలర్:
ఒక్కటే అడగమనండి: పెరుగుదల రాకపోతే, ఆ సంగతినే థీసిస్‌గా రాయనిస్తారా?

థర్మల్ మాస్టారు:
దానితోపాటు పంపు శక్తి కొలిచే మీటరు ల్యాబులో ఉందో లేదో కూడా అడగమనండి.

ఉప్పల్ తండ్రి:
నిన్న అడిగింది. మీటరు తెప్పిస్తామన్నారట. థీసిస్ ప్రశ్నకు, ముందు పెరుగుదల రానివ్వమ్మా, తర్వాత చూద్దాం అన్నారట.

మాజీ స్కాలర్:
ఆ మాట నవ్వుతూ అన్నారా, మామూలుగానే అన్నారా? అమ్మాయిని కనుక్కుని చెప్పండి.