ఐఫోన్ 13 తర్వాత వచ్చిన 14లో నిజంగా మెరుగైంది ఏమైనా ఉందా?

పాతచిప్పు:
రెండు ఫోన్లూ ఇప్పుడు నా ముందే ఉన్నాయి. 13 నాది, 14 మా తమ్ముడిది. పక్కపక్కన పెట్టి స్క్రీన్ ఆన్ చేస్తే ఏది ఎవరిదో చెప్పలేకపోయాను. రెండింటికీ 6.1 అంగుళాల స్క్రీన్, సెకనుకు అదే 60 సార్లు (60 హెర్ట్జ్) మారే బొమ్మ, పైన ముందు కెమెరా ఉండే అదే నల్లటి గాటు (నాచ్). లోపల చిప్ కూడా అదే ఏ15. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన ప్రాసెసర్‌ని 2022 సెప్టెంబర్‌లో మళ్లీ పెట్టి పక్కన అంకె మార్చారు. దీన్ని మెరుగైన మోడల్ అనడానికి నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

రాత్రిఫోటో:
ముందు కెమెరాకు 13లో ఆటోఫోకస్ లేదు, 14లో ఉంది. సెల్ఫీలు ఎక్కువగా తీసుకునేవాళ్లకు అదొక్కటి చాలు. వెనక మెయిన్ కెమెరా సెన్సర్ కూడా కాస్త పెద్దది, వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం (అపర్చర్) ఎఫ్/1.6 నుంచి ఎఫ్/1.5 అయింది, అంకె తగ్గితే రంధ్రం పెద్దదైనట్టు.

పాతచిప్పు:
1.6కీ 1.5కీ తేడా కంటికి ఆనుతుందా? చిప్ సంగతి ఎవరూ మాట్లాడరేం?

స్క్రూడ్రైవర్:
చిప్ అచ్చంగా అదే కాదండీ. బొమ్మలు, ఆటల పని చూసే గ్రాఫిక్స్ కోర్లు 13లో 4, 14లో 5. ఫోన్ విప్పి చూసినవాళ్లు ర్యామ్ కూడా 4 జీబీ నుంచి 6 జీబీ అయిందని తేల్చారు. అయినా నేను చెప్పాలనుకున్నది వెనక అద్దం గురించి. 13లో అది ఫ్రేమ్‌కు గట్టిగా అతికి ఉంటుంది. పగిలిందంటే స్క్రీన్ వైపు నుంచి మొదలుపెట్టి లోపలి భాగాలన్నీ ఊడదీసి కొత్త బాడీలోకి మార్చాలి. లేదంటే జిగురును లేజర్‌తో కాల్చి ముక్కలు గీకాలి. 14లో అద్దం విడిగా ఊడివస్తుంది. లోపల దాన్ని పట్టి ఉంచేవి రెండు స్క్రూలు, ఒక కనెక్టర్, అంతే. ఫోన్లు విప్పి, రిపేరు ఎంత తేలికో మార్కులు వేసే ఐఫిక్సిట్ అప్పట్లో దీనికి 10కి 7 ఇచ్చింది. 14 ప్రోలో కూడా పాత అమరికే ఉంది, మామూలు 14కూ 14 ప్లస్‌కూ మాత్రమే ఇది దక్కింది. పైకి కనిపించదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పాతచిప్పు:
ఆ 7 తర్వాత ఏమైందో కూడా చెప్పండి. 2023 సెప్టెంబర్‌లో ఐఫిక్సిట్టే దాన్ని 4కు తగ్గించింది.

స్క్రూడ్రైవర్:
తగ్గించింది పార్ట్స్ పెయిరింగ్ వల్ల. అంటే మార్చిన భాగాన్ని కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో జత చేస్తే తప్ప అన్నీ సరిగ్గా పనిచేయకపోవడం. లోపలి అమరిక బాగాలేదని ఎవరూ అనలేదు. రెండూ కలపకండి.

నీలిమేఘం:
కవర్ వేసుకుంటే అద్దం గొడవే ఉండదు కదా.

స్క్రూడ్రైవర్:
కవర్ ఉన్నా పగిలింది నాకు. అది వేరే ఫోన్ లెండి, పేరు అనవసరం. ఒళ్లో పెట్టుకున్న సంగతి మర్చిపోయి లేచాను, నేల మీద మూల తగిలింది. కవర్ తీస్తే అద్దం సాలెగూడులా ఉంది. చూపుడు వేలికి సన్నటి ముక్క గుచ్చుకుంది, రెండు రోజులు స్క్రీన్ ముట్టుకుంటే మంట. టేపు అంటించుకుని నెల రోజులు వాడాను. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే తొమ్మిది రోజులు ఉంచుకుని, కెమెరా లెన్స్ లోపల దుమ్ముతో తిరిగిచ్చారు. ఒక్క అద్దం కోసం ఫోన్ మొత్తం విప్పాల్సి వచ్చిందన్నారు. అందుకే ఆ రెండు స్క్రూల విలువ నాకు తెలుసు.

పాతచిప్పు:
మీ పాత ఫోన్ పగిలిందని 14 గొప్పదైపోతుందా? నేనడిగింది ఒకటి, మీరు చెప్పేది ఇంకోటి.

దూరప్రయాణం:
క్రాష్ డిటెక్షన్ మర్చిపోయారు, అంటే పెద్ద కారు ప్రమాదాన్ని పసిగట్టి ఫోనే ఎమర్జెన్సీకి కాల్ చేయడం. 13లో లేదు, 14లో ఉంది. గురుత్వాకర్షణకు 256 రెట్ల (256 జీ) వరకు కుదుపును కొలిచే సెన్సర్, యాక్సెలరోమీటర్, దానికోసమే పెట్టారు.

పాతచిప్పు:
ఆ మొదటి చలికాలంలో మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్ల జేబుల్లోంచి ఎమర్జెన్సీకి ఉత్తుత్తి కాల్స్ వెళ్లింది కూడా దానివల్లే.

స్క్రూడ్రైవర్:
తర్వాత అప్‌డేట్లలో దాన్ని సరిచేస్తూ వచ్చారు. పాతచిప్పు గారూ, మీరు ముందే తేల్చేసుకుని వచ్చారు. ఎవరు ఏం చెప్పినా పక్కకు తోసి మళ్లీ చిప్ దగ్గరికే వస్తున్నారు. వినే ఉద్దేశం లేనప్పుడు అడగడం ఎందుకు? నేను టైప్ చేసిందంతా దండగేనా?

పాతచిప్పు:
ఎందుకంటే ఆ ఫోన్ కొనమన్నది నేనే కాబట్టి! మా వాడు ఆరేళ్లు ఒకే ఫోన్ వాడాడు. కొత్తది వచ్చింది కదా, నా దానికంటే బాగుంటుంది తీసుకోమన్నాను. పెట్టె విప్పిన రోజే రెండూ చేతిలో పట్టుకుని "అన్నా, నీదానికీ దీనికీ తేడా ఏంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాడు ఇంకేమీ అనలేదు, నాకే తల కొట్టేసినట్టయింది. రోజూ చేతిలో పట్టుకున్నప్పుడు తెలియని మార్పును నేను మెరుగుదల అనలేను.

స్క్రూడ్రైవర్:
ఇది ముందే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా అనేవాణ్ణి కాదు. ఇప్పుడు అర్థమైంది మనకు ఎక్కడ కుదరడం లేదో. ఫోన్ బాగున్న రోజు ఎలా ఉందో మీరు చూస్తున్నారు. కింద పడిన రోజు ఏమవుతుందో నేను చూస్తున్నాను. నాకు అదే పెద్ద మెరుగుదల.

పాతచిప్పు:
అలాగైతే ఫోన్ ఎప్పుడూ పడేయనివాడికి 14 వల్ల ఒరిగేదేమీ లేదని మీరూ ఒప్పుకున్నట్టే.

స్క్రూడ్రైవర్:
పడేయను అని ముందే ఎవరు చెప్పగలరండీ? నేనూ అలాగే అనుకున్నాను.

నీలిమేఘం:
ఆరేళ్ల ఫోన్ నుంచి వచ్చినవాడికి రెండూ కొత్తవే. మీరే పక్కన 13 పెట్టి పోల్చి చూపించారు.

రాత్రిఫోటో:
పాతచిప్పు గారూ, ఒక పని చేయండి. ముందు కెమెరాను ముఖానికి బాగా దగ్గరగా పట్టుకుని రెండింటితోనూ ఒక్కో ఫోటో తీయండి.

పాతచిప్పు:
కిటికీ దగ్గర నిలబడి ఇప్పుడే తీశాం. 14లో కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా లెక్కపెట్టేలా ఉన్నాయి. నా దాంట్లో అవి కలిసిపోయి నల్లటి గీతలా వచ్చాయి. మా వాడు రెండు ఫోటోలూ పెద్దవి చేసి చాలాసేపు చూసుకున్నాడు. చిప్ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.