లెగసీ ఎత్తెయ్యాలన్న పిటిషన్: మన పిల్లల సంఘం సంతకం పెట్టాలా?

గోదారిగట్టు: ఇక్కడ అమెరికాలో ఒక ప్రైవేటు కాలేజీలో బ్లాక్ స్టూడెంట్ యూనియన్ (నల్లజాతి విద్యార్థుల సంఘం) పిటిషన్ పెట్టింది. పూర్వవిద్యార్థుల పిల్లలకి అడ్మిషన్‌లో ఇచ్చే లెగసీ ప్రాధాన్యం తీసెయ్యాలని. ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్‌ని కూడా సంతకం అడిగారు. అందులో సగం మంది తెలుగు పిల్లలే. పెట్టాలనే నా మాట. అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 2023 జూన్ 29న హార్వర్డ్ మీద వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, లెగసీ జోలికి పోలేదు. వద్దనేవాళ్ళు కారణం చెప్పండి.

ఫ్రిస్కో_నాన్న: కారణం ఒక్కటే, పర్సనల్ రేటింగ్, అంటే పిల్లల వ్యక్తిత్వానికి వేసే అంకె. హార్వర్డ్‌లో అకడమిక్, ఎక్స్‌ట్రాకరిక్యులర్, అథ్లెటిక్, పర్సనల్ అని విడివిడిగా అంకెలు వేస్తారు. 1 అయితే అన్నిటికన్నా మెరుగు. ఆసియా పిల్లలు అకడమిక్‌లో పైన, పర్సనల్‌లో కింద. ఎదురుగా కూర్చుని ఇంటర్వ్యూ చేసిన పూర్వవిద్యార్థులు వాళ్ళకి తెల్లపిల్లలతో సమానంగానే వేశారు. పిల్లల్ని చూడను కూడా చూడని ఆఫీసువాళ్ళు తగ్గించారు. ఆ కేసులో నల్లజాతి సంఘాలు ఎవరి పక్షాన ఉన్నాయి? హార్వర్డ్ పక్షాన. ఇప్పుడు మన సంతకం కావాలా?

సాంబారు_ఇడ్లీ: మావాడికి శాట్‌లో 1560. రెండు చోట్ల వెయిట్‌లిస్టు. అంతకుమించి చెప్పను.

ఓరుగల్లు_అక్క: అంత స్కోరున్నవాళ్ళు వేలల్లో ఉంటారు తమ్ముడూ. దాంతో ఏదీ తేలదు.

గోదారిగట్టు: @ఫ్రిస్కో_నాన్న గారూ, ఉద్దేశపూర్వక వివక్ష రుజువు కాలేదని 2019లో కింది కోర్టు జడ్జి బరోస్ రాశారు. సరే, అది పక్కన పెడదాం. పర్సనల్ రేటింగ్‌లో మనవాళ్ళు తెల్లపిల్లలకన్నా కూడా కిందే ఉన్నారు కదా, మరి కోపం నల్లపిల్లల మీదకెలా మళ్ళింది? ఆ కేసులో బయటికొచ్చిన లెక్కల్లోనే ఉంది: సీటొచ్చిన తెల్లపిల్లల్లో 43 శాతం పైగా క్రీడాకారులో, లెగసీలో, డీన్ లిస్టులో (దాతల బంధువుల్లాంటివాళ్ళ జాబితా) ఉన్నవాళ్ళో, అధ్యాపకుల పిల్లలో. మిగతా జాతుల్లో అది 16 శాతం లోపే.

ఫ్రిస్కో_నాన్న: నేనడిగింది పర్సనల్ రేటింగ్ గురించి, మీరు లెగసీకి వెళ్ళారు. తీర్పు తర్వాత ఎంఐటీలో ఆసియా వాటా 41 నుంచి 47 శాతానికి పెరిగింది. లోపల ఏదో జరుగుతున్నట్టే కదా?

గోదారిగట్టు: అదే ఎంఐటీలో నల్లపిల్లలు 13 నుంచి 5కి పడిపోయారు. ఆమ్‌హర్స్ట్‌లో 11 నుంచి 3కి. మరి యేల్‌లో ఆసియా వాటా 30 నుంచి 24కి తగ్గింది, దానికేమంటారు? మీకు నచ్చిన కాలేజీ మీరు ఏరుకుంటున్నారు.

ఓరుగల్లు_అక్క: మీరిద్దరూ కొట్టుకుంటూ ఉండండి, నేను పని మాట చెప్తా. పిల్లలు ముందు ఆ కాలేజీ కామన్ డేటా సెట్ (అడ్మిషన్ వివరాలతో కాలేజీ బయటపెట్టే పత్రం) తెరిచి సీ7 పట్టిక చూడాలి, అడ్మిషన్‌లో దేనికెంత విలువిస్తారో అందులో ఉంటుంది. పూర్వవిద్యార్థులతో బంధుత్వం అన్న వరుస ఉంటుంది. 'పరిగణించం' అన్న గడిలో టిక్కు ఉంటే ఈ పిటిషనే అక్కర్లేదు. లేకపోతే ఆ పేజీనే పిటిషన్‌కి జత చెయ్యాలి. లెగసీ దరఖాస్తుల్లో ఎంతమందికి సీటొచ్చిందో కూడా అడగాలి, చాలా కాలేజీలు ఆ అంకె తమంతట తాము చెప్పవు. కాలిఫోర్నియా అయితే 2024 చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రైవేటు కాలేజీల్లో కూడా లెగసీని నిషేధించింది, దాన్ని ఉదహరించాలి. తోడు నిలబడదామని వెళ్ళే సంఘాలు మామూలుగా చెడగొట్టేది ఒకచోట: ఉత్తరం వీళ్ళే రాసేసి, నల్లపిల్లల్ని కింద సంతకం పెట్టమంటారు. ముసాయిదా వాళ్ళది కావాలి. మనవాళ్ళ పని అంకెలు తేవడం, డీన్‌తో మీటింగుకి మనుషుల్ని తేవడం. ఇన్‌స్టాలో సంఘీభావం పోస్టు పెట్టి ఊరుకుంటే ఆఫీసులో ఎవరూ పట్టించుకోరు.

గుంటూరు_ఘాటు: టెక్సస్‌లో ఈ డైవర్సిటీ వ్యవహారాలన్నీ బందు కదా?

ఓరుగల్లు_అక్క: 2024 జనవరి 1 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో డైవర్సిటీ ఆఫీసులు బందు. విద్యార్థి సంఘాలకి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. ఇదెలాగూ ప్రైవేటు కాలేజీ.

గోదారిగట్టు: ఇంకో మాట. 1923లో థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారని, పౌరసత్వం రాదని ఇదే సుప్రీంకోర్టు తేల్చింది. మన తలుపు తెరిచిన 1965 వలస చట్టం పౌరహక్కుల ఉద్యమం ఊపులో వచ్చింది. ఆ ఉద్యమంలో దెబ్బలు తిన్నది ఎవరు?

ఫ్రిస్కో_నాన్న: ఆ అప్పు ఇంకెన్ని తరాలు తీర్చాలి? వడ్డీతో సహా చెప్పండి.

గోదారిగట్టు: ఎంసెట్ కౌన్సెలింగ్ నాటి రిజర్వేషన్ కోపం సూట్‌కేసులో పెట్టుకొచ్చారు మీరు. పర్సనల్ రేటింగ్ ఒక సాకు.

ఫ్రిస్కో_నాన్న: కోపం ఉంది, దాచను. కానీ అసలు సంగతి అది కాదు. మనవాళ్ళ పిల్లలు ఇప్పుడిప్పుడే ఈ కాలేజీల నుంచి డిగ్రీలు పట్టుకుని బయటికొస్తున్నారు. రేపు వాళ్ళ పిల్లలే లెగసీలు. తెల్లవాళ్ళు వందేళ్ళు కూర్చుని తిని లేచారు, మన పంక్తి కూర్చునే వేళకి విస్తళ్ళు ఎత్తేస్తామంటే ఊరుకోవాలా?

సాంబారు_ఇడ్లీ: అదీ మాట 👏

గోదారిగట్టు: అంటే వివక్ష మీద మీకు అభ్యంతరం లేదు, వంతు రాలేదన్నదే బాధ. ఇది మొదటి పోస్టులోనే చెప్పుంటే పర్సనల్ రేటింగ్ గోల తప్పేది. పైగా మన మనవలు ఆ వరుసలో నిలబడే నాటికి కూడా ముందున్నది పాత కుటుంబాలే. భవనాలకి పేర్లున్నవాళ్ళు.

ఫ్రిస్కో_నాన్న: నా పిల్లల మేలు చూసుకుంటే మీకు తప్పుగా కనబడుతోంది. సంతకం వద్దు, నా ఓటు అదే.

ఓరుగల్లు_అక్క: నీకక్కడ ఓటెక్కడిది అన్నా? పిల్లల సంఘం అది. వాళ్ళ నిబంధనావళిలో ఇలాంటి సంతకానికి కార్యవర్గం చాలా, సభ్యుల ఓటింగు కావాలా అన్నది ముందు చూడమనండి. కోరం లేకుండా అధ్యక్షుడొక్కడే పెట్టేస్తే మర్నాడే ఎవరో ఒకరు వెనక్కి తీసుకోమంటారు.

గోదారిగట్టు: సీ7 లింకు ఎవరైనా పెట్టండి.