పాత డీజిల్ పికప్: జామ్‌లో బాగుంటుంది, ఘాట్ ఎక్కితే హీటెక్కుతుంది

మామిడి లోడు, కేఆర్ పురం:
అందరికీ నమస్కారం. మాది పదిహేనేళ్లు దాటిన డీజిల్ పికప్. సీజన్లో చిత్తూరు నుంచి బెంగళూరుకు మామిడికాయలు వేస్తాం. బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ఎంతసేపు జామ్‌లో నిలబడినా టెంపరేచర్ ముల్లు సగం దాటదు. అదే బండి లోడుతో మొగిలి ఘాట్‌కి వచ్చిందంటే సగం ఎక్కేసరికి ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతోంది. నీళ్లు ఎక్కడా కారడం లేదు, బెల్ట్ టైట్‌గానే ఉంది. ఒక మెకానిక్ థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తీసి పారేస్తే సరిపోతుందంటున్నాడు, ఇంకొకాయన హెడ్ (ఇంజన్ పైభాగం) విప్పి దించాలంటున్నాడు. హెడ్ దించితే ఈ సీజన్ పోయినట్టే, అదే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జేసీ రోడ్ పాతకాపు:
హెడ్ మాట అప్పుడే ఎత్తకండి. సగం జవాబు మీ పోస్టులోనే ఉంది. జామ్‌లో బండికి ఎదురుగాలి ఉండదు, పనంతా ఫ్యాన్ మీదే. అక్కడ ముల్లు లేవలేదంటే ఫ్యాన్ మరీ చచ్చిపోలేదన్నమాట. ఘాట్‌లో లోడు లాగేటప్పుడు పుట్టే వేడి వేరే లెవెల్. అంత వేడిని రేడియేటర్ వదిలించలేకపోతోంది. ముందు గ్రిల్ వైపు నుంచి టార్చ్ వేసి చూడండి. ఏసీ ఉన్న బండైతే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో పొట్టు, పురుగులు, ఈకలు దిండులా పేరుకుని ఉంటాయి, బయటికి ఏమీ కనిపించదు. కడిగితే ఇంజన్ వైపు నుంచి బయటికి కడగాలి. వాటర్ సర్వీస్ వాళ్లు ఫోర్స్ పెట్టి ఎదురుగా కొడితే రేడియేటర్ సన్నటి రెక్కలు మడతపడి ఉన్న గాలి కూడా ఆగిపోతుంది.

ఇంతకీ రేడియేటర్లో ఏం నీళ్లు పోస్తున్నారు?

మామిడి లోడు:
ఇంటి దగ్గర బోరు నీళ్లేనన్నా. కూలెంట్ పోసి చాలా కాలమైంది.

జేసీ రోడ్ పాతకాపు:
అయితే నా అనుమానం లోపలి ట్యూబుల మీదే. మన బోరు నీళ్లకి సున్నం కట్టకుండా ఉండదు. ఇంజన్ బాగా వేడెక్కాక రేడియేటర్ మీద అక్కడక్కడా టెంపరేచర్ గన్ (తాకకుండానే వేడి కొలిచేది) పెట్టించండి. మధ్యలో చల్లటి పట్టీలు దొరికితే ఆ ట్యూబుల్లో నీళ్లు తిరగడం లేదు.

గేరు మార్చు:
పాతకాపు గారి మాటకి చిన్న సవరణ. ఘాట్‌లో రెండో గేర్‌లో పాకేటప్పుడు కూడా ఎదురుగాలి తక్కువే, కాబట్టి ఫ్యాన్‌ని అప్పుడే వదిలేయలేం. విస్కస్ ఫ్యాన్ అయితే దాని క్లచ్ లోపల సిలికాన్ ఆయిల్ ఉంటుంది, వేడెక్కినప్పుడు పట్టుకుని హోరుమని తిరగాలి. ఘాట్‌లో ఆ హోరు వినబడుతోందా? వినబడకపోతే బండి వేడిగా ఉండగా ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, చేత్తో ఫ్యాన్ తిప్పండి. బిగుతుగా ఉండాలి. అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతూ పోతే ఆ ఫ్యాన్ క్లచ్ అయిపోయినట్టే. ఫ్యాన్ చుట్టూ ప్లాస్టిక్ కవర్ ఉందో లేదో కూడా చూడండి. చాలా షెడ్లలో విప్పుతారు గానీ మళ్లీ బిగించరు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా కాకుండా పక్కల నుంచి గాలి లాక్కుంటుంది.

హోసూరు పూలబండి:
మా ఆయన బండికి ఇలాగే అయితే చివరికి రేడియేటర్ మూత పోయిందని తేలింది. పొద్దున్నే బానెట్ ఎత్తితే పై హోస్ పైపు నొక్కేసినట్టు చప్పిడిగా ఉండేది. పక్క బాటిల్ నిండుగా, రేడియేటర్ మాత్రం వెలితిగా. ఇంజన్ చల్లారేటప్పుడు బాటిల్లోంచి నీళ్లు వెనక్కి తీసుకునే చిన్న వాల్వ్ ఆ మూతలోనే ఉంటుందట. మూత మార్చాక ఆ గోల పోయింది.

గేరు మార్చు:
అక్కా, మంచి పాయింట్. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే అవే నీళ్లు 117 దాకా మరగవు. కొత్త మూత కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న నంబరే చూసి కొనండి. ఎక్కువ నంబర్ వేస్తే పాత హోసులు పగులుతాయి.

సిల్క్ బోర్డ్ బాధితుడు:
నేను థర్మోస్టాట్ తీసేసే నడుపుతున్నా, ఏ ప్రాబ్లమూ లేదు. ఎందుకింత చర్చ?

జేసీ రోడ్ పాతకాపు:
నడుస్తుంది సార్, డీజిల్ మాత్రం ఎక్కువ తాగుతుంది. థర్మోస్టాట్ సుమారు 82 డిగ్రీలకి తెరుచుకునేలా చేస్తారు, అది లేకపోతే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. కొన్ని ఇంజన్లలో అదే బైపాస్ దారిని కూడా మూస్తుంది. అలాంటి దాంట్లో తీసేస్తే కొంత వేడినీళ్లు రేడియేటర్‌కి పోకుండానే మళ్లీ ఇంజన్లోకి తిరుగుతాయి, ఘాట్‌లో హీట్ ఇంకా పెరుగుతుంది. అది పోయిందని అనుమానమైతే విప్పి గిన్నెడు నీళ్లలో వేసి స్టవ్ మీద పెట్టండి. మరిగే లోపు తెరుచుకోకపోతే కొత్తది వేయండి. చవక వస్తువే.

హెడ్ సంగతి కూడా రూఢి చేసుకోవడం తేలికే. పూర్తిగా చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేయించండి. ఆగకుండా బుడగలు వస్తున్నాయా, ఆయిల్ మూత అడుగున లేత గోధుమరంగు జిగురు కట్టిందా, తెల్లపొగ విడవకుండా వస్తోందా చూడండి. ఇవేవీ లేకుండా హెడ్ దించుతానంటే ఇంకో షెడ్డు చూసుకోండి. వేడి బండి మూత మాత్రం ఎవరు తీయమన్నా తీయకండి, మొహం కాలిపోతుంది. ఎర్రగీతకి పోయిన ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించడం కూడా వద్దు, హెడ్‌కి పగులు వస్తుంది.

మామిడి లోడు:
అప్‌డేట్. బుడగల్లేవు, ఆయిల్ శుభ్రంగా ఉంది. ఫ్యాన్ వేడిమీద బిగుతుగానే ఉంది. గన్ పెడితే రేడియేటర్ ఎడమవైపు కింది భాగమంతా చల్లగా ఉంది. విప్పించాం. మాది పాత ఇత్తడి రేడియేటర్, ట్యాంకులు ఊడదీసి ట్యూబుల్లో ఊచ పెట్టి పొడిపిస్తే తెల్లటి పెచ్చులు రాలాయి. థర్మోస్టాట్ మరిగే నీళ్లలో కూడా సగమే తెరుచుకుంది, అదీ మూతా కొత్తవి వేశాం. నిన్న లోడుతో మొగిలి ఘాట్ ఎక్కాం, ముల్లు సగం మీద రెండు గీతలు లేచి అక్కడే ఆగింది. అందరికీ థాంక్స్. షెడ్లో ప్రస్తుతానికి మామూలు నీళ్లే పోశారు. కూలెంట్ ఏది పోయాలి? ఆకుపచ్చదా, ఎర్రదా?

సిల్క్ బోర్డ్ బాధితుడు:
అల్యూమినియం రేడియేటర్‌కి కూడా ఇలా ఊచ పెట్టొచ్చా? నాది ప్లాస్టిక్ ట్యాంకులది.

గేరు మార్చు:
దానికి కుదరదు సార్. కెమికల్‌తో కడిగి చూడటమే, వదలకపోతే కొత్తది.

మామిడి లోడు గారూ, రంగు చూసి కొనకండి, కంపెనీని బట్టి రంగు మారుతుంది. మాన్యువల్లో ఏ రకం రాశారో అదే తీసుకోండి. పోసే ముందు పాతవన్నీ వంపేసి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి తిప్పి వంపేయండి. కూలెంట్ క్యాన్ మీద కాన్సన్‌ట్రేట్ అని ఉంటే సగానికి సగం ఆ డిస్టిల్డ్ వాటరే కలపాలి. రెడీ టు యూజ్ అని ఉంటే ఏమీ కలపకుండా నేరుగా పోసేయండి.