సొంత డబ్బాతో లూజు సరుకు: చిన్న కొట్టా, చైన్ స్టోరా?

ప్రశ్న: ప్యాకింగ్ చెత్త తగ్గించాలని గింజలు, పిండి, లిక్విడ్ సబ్బు లూజుగా కొందామనుకుంటున్నాను. చిన్న కొట్టు నడక దూరంలో ఉంది, చైన్ స్టోరు 3 కిలోమీటర్లు. రెండు చోట్లా లూజు ఇస్తారు. తూకంలో నష్టపోకుండా, సరుకు పురుగు పట్టకుండా ఏం చూసుకోవాలి?

జవాబు 1: ముందు తూకం. ఖాళీ డబ్బాను మూతతో సహా తూచి, ఆ బరువు అడుగున చెరగని ఇంకుతో రాసుకోండి. 480 గ్రాముల గాజు సీసాని కాటా సున్నా చేయకుండా పెట్టి కిలో తూస్తే, లోపల పడేది 520 గ్రాములే. ఖాళీ సీసా పెట్టి 'టేర్' నొక్కించాలి, తెర మీద 0 కనబడ్డాకే సరుకు పోయించాలి. మూత లేకుండా టేర్ చేసి, మూత పెట్టి బిల్లు కొట్టడం మామూలుగా జరిగే పొరపాటు. చైన్ స్టోర్ల లేబుల్ కాటాలో వాళ్ల కవరు బరువే ముందే ఎక్కించి ఉండొచ్చు, అడిగి చూడండి. మార్చడం కుదరదంటే గాజు వద్దు, పల్చని గుడ్డ సంచి చాలు. పిండికైతే నేత ఒత్తుగా ఉండాలి, లేదంటే దారంతా రాలుతుంది.

జవాబు 2: మీ డబ్బా సరే, కొట్టులో డబ్బా చూశారా? అడుగు ఖాళీ చేయకుండా పైనుంచి కొత్త సరుకు పోస్తుంటే పాతది కిందే మగ్గుతుంది. పురుగు మొదలయ్యేది అక్కడే. గింజలు సాలెగూడులాంటి దారాలతో ఒకదానికొకటి అతుక్కుని ఉంటే కొనకండి. బస్తా ఎప్పుడు విప్పారో అడగండి. ఎలర్జీ ఉన్నవాళ్లుంటే లూజు జోలికి వెళ్లకపోవడమే మేలు, ఒకే గరిటె అన్నిట్లోనూ తిరుగుతుంది. ఇంటికి తెచ్చాక మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో 4 రోజులు ఉంచితే పురుగుల గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీసిన వెంటనే మూత తెరవొద్దు. గది వేడికి రాకముందే తెరిస్తే తేమ పట్టి బూజొస్తుంది.

జవాబు 3: కారులో వెళ్లేట్టయితే ఈ శ్రమంతా వృథా. లీటరు పెట్రోలుకు సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. 15 కిలోమీటర్ల మైలేజీ మీద రానూపోనూ 6 కిలోమీటర్లకు 0.92 కిలో. కిలో పాలిథీన్ తయారీకి దాదాపు 2 కిలోలు వేసుకుంటే, 10 గ్రాముల కవర్లు 46 మిగిల్చినా ఒక్క ట్రిప్పుతో సరి. కొత్త సంచులు కుప్పలుగా కొనకండి. 2018 నాటి డెన్మార్క్ పర్యావరణ సంస్థ లెక్కలో, వాతావరణం ఒక్కటే చూసినా మామూలు నూలు సంచి 52 సార్లు వాడితేగానీ ప్లాస్టిక్ సంచికి సమం కాదు. ఇంట్లో పాత బట్ట ఉంటే కుట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు: మరి లిక్విడ్ సబ్బు సీసా ప్రతిసారీ కడగాలా?

జవాబు 2: అదే సబ్బయితే పూర్తిగా అయిపోయాక నింపండి, చాలు. కడిగితే మాత్రం పంపు గొట్టంతో సహా బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. అడుగున నీళ్లు మిగిలితే ప్రిజర్వేటివ్ పలచబడి సూక్ష్మజీవులు పెరుగుతాయి. సబ్బు నీళ్లలా జారినా, పుల్లటి వాసన వేసినా పారబోయాల్సిందే.