సమస్య: "పొగను త్రాగ నాల్క పూలు పూచె"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది, ఇది నాలుగో పాదం. చుట్ట, సిగరెట్ వద్దు. వస్తువు సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో చేసే విస్కీ), అదీ పీటు (చిత్తడి నేలలో మొక్కలు మగ్గి ఏర్పడే, ఎండబెట్టి కాల్చే మట్టి) పొగ లైట్‌గా తగిలేది. నా మనసులో ఉన్నది హైలాండ్ పార్క్ 12 ఏళ్లది, స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో కర్క్‌వాల్‌లో 1798 నాటి డిస్టిలరీ. అక్కడి గాలికి చెట్లు పెద్దగా నిలవవు, అందుకే పీటులో కట్టె ఉండదు, హెదర్ అనే ఊదాపూల పొదలు వేల ఏళ్లు మగ్గిందే ఎక్కువ, దాని పొగ తీపిగా పూలవాసనతో ఉంటుంది, పైగా పొగబెట్టిన బార్లీని పొగ తగలని దాంతో కలిపి వాడతారు.

గోదారిగట్టు:
చెట్లు లేని నేల, చిరుపూల పొదలెల్ల
మట్టి లోన మాగి మంట కెక్కి
మొలక గింజ నంటి ముద్దాడి పోయిన
పొగను త్రాగ నాల్క పూలు పూచె

నిర్వాహకుడు: భావం చాలా బావుంది తమ్ముడూ, కానీ అన్వయం చూడు, మాగింది పొదలు, ముద్దాడింది పొగ, కర్త మధ్యలో మారిపోయింది. "మంట నెగయ" అను, గణం చెడదు, అన్వయం కుదురుతుంది.

మాస్టారు:
రాగి కుండ క్రింద రాజేసి పీటును
కాచి కాచి యొడిసి కట్టినట్టి
మందు నందు డాగి మసలెడు మధురంపు
పొగను త్రాగ నాల్క పూలు పూచె

నిర్వాహకుడు: మాస్టారూ, గణాలు, యతులు నిర్దోషం. విషయం దగ్గరే పేచీ. పొగ పట్టేది రాగి కుండ దగ్గర కాదండి, అంతకుముందే, తడి మొలకల బార్లీని ఆరబెట్టే కొలిమిలో, ఆ ఫినాల్స్ (పొగవాసన ఇచ్చే రసాయనాలు) గింజకి అంటుకుని మాష్ (వేడినీళ్లలో నానబెట్టడం), పులియబెట్టడం, బట్టీ అన్నీ దాటి రావాలి, దారిలో చాలా పోతాయి కూడా, అందుకే పొగ ఘాటుకి చెప్పే పీపీఎం (పది లక్షల్లో ఎన్ని పాళ్లు ఫినాల్స్) అంకె మాల్ట్‌దే, అంటే ఆరబెట్టిన గింజదే తప్ప గ్లాసులోది కాదు. మొదటి రెండు పాదాలు ఇలా మారిస్తే?
తడిసి మొలచు యవల దాపున పీటుంచి
కాల్చి, పిదప వండి కట్టినట్టి

డల్లాస్ అక్కయ్య:
నీటి చుక్క పడగ నిదురించు తావులు
లేచి ముక్కు దాక, లేత తేనె
తీపి వెంట వచ్చు తెరచాటు చుట్టమౌ
పొగను త్రాగ నాల్క పూలు పూచె

గోదారిగట్టు: అక్కా, "తెరచాటు చుట్టం" అదిరింది! కానీ నీళ్లు పోస్తే పొగ పలచబడదా?

డల్లాస్ అక్కయ్య: ఎక్కువ పోస్తే పలచబడుతుంది నాన్నా, రెండు చుక్కలకి కాదు. పొగవాసన ఇచ్చే గ్వయకాల్ అణువులు నీళ్లు కలిసినప్పుడు పైకి తేలతాయని 2017లో స్వీడన్ వాళ్లు కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపించారు.

నిర్వాహకుడు: నాకు ఈ పూరణే అన్నిటికన్నా నచ్చింది. హైలాండ్ పార్క్‌లో ముందు తేనె, షెర్రీ (స్పెయిన్ ద్రాక్షసారా) పీపా ఇచ్చిన ఎండుద్రాక్ష, మింగాకే ఆ సన్నటి పొగ, ఆ వరసే పద్యంలోనూ ఉంది, పొగ మూడో పాదం చివరిదాకా ఆగింది. మిగతావాళ్లు ఐలా దీవి వైపు లాఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ విస్కీల జోలికి పోకండి, వాటిలో ముందే పొగ, అయొడిన్ కొట్టేస్తాయి, ఈ సమస్యకి పూలు దొరకవు. ఆదివారం రాత్రి వరకు పంపొచ్చు.