పాత చెస్ కంప్యూటర్లు కొని దాచుకోవడం అవసరమా? ఎమ్యులేటర్ చాలదా?

బ్లిట్జ్_బాబ్జీ:
మొన్న ఇక్కడ మ్యూనిక్_వాసి గారు 1985 నాటి మెఫిస్టో ఆమ్‌స్టర్‌డామ్ అనే చెస్ కంప్యూటర్ కొన్నానని, తన దగ్గరున్న ఏడు మెషీన్ల ఫొటో పెడితే అందరూ ఆహా ఓహో అన్నారు. అదే ప్రోగ్రామ్ MAME అనే ఎమ్యులేటర్‌లో, అంటే పాత మెషీన్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో, నా లాప్‌టాప్ మీద నడుస్తుంది, ఫోన్‌లో ఉన్న స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్ దాన్ని చితక్కొడుతుంది. మరి అంత డబ్బు దేనికి పోసినట్టు?

మ్యూనిక్_వాసి:
బలం చూసి కొనలేదండీ. నేనూ మొదట్లో మీలాగే అన్నాను, ఆ రుచి తెలియడానికి ఆర్నెల్లు పట్టింది. గడి కింద స్విచ్, పావు అడుగున అయస్కాంతం, గుర్రం ఎత్తి ఇంకో గడిలో పెట్టగానే దానికి తెలిసిపోతుంది, ఇక అది ఆలోచిస్తూ కూర్చుంటుంది, మనమూ కూర్చుంటాం. అది కొన్ని ఎత్తుల దూరమే చూడగలదు కదా, రూక్ పోవడం ఖాయమని తెలిస్తే ఆ నష్టాన్ని కంటికి కనపడనంత దూరం నెట్టడానికి బంట్లు ఒక్కోటీ వదిలేస్తుంది, అలా వదిలేస్తుంటే చూడాలి. తయారుచేసిన హెగెనర్ అండ్ గ్లాజర్ మా ఊరి కంపెనీయే, ప్రోగ్రామ్ రిచర్డ్ లాంగ్‌ది, ఆ ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో మైక్రోకంప్యూటర్ల ప్రపంచ పోటీ గెలిచింది కాబట్టే ఆ పేరు. ఇంకోటి, మీ ఎమ్యులేటర్‌లో రోమ్ (ROM), అంటే చిప్‌లోని ప్రోగ్రామ్ నకలు, ఎక్కడిది? ఎవరో మెషీన్ జాగ్రత్తగా దాచి, చిప్ చదివించబట్టే కదా.

బ్లిట్జ్_బాబ్జీ:
చిప్ ఒక్కసారి చదివితే చాలుగా. మీ దగ్గర ఏడు మెషీన్లు ఉన్నాయి, ఏడెందుకు?

పాలకొల్లు_బంటు:
"బాగా పనిచేస్తుంది" అంటే నమ్మి ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించా. మూత తీస్తే బ్యాటరీలు కారి స్ప్రింగులన్నీ పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి, అమ్మినాయన ఉలకడు పలకడు. ఎమ్యులేటర్‌కి చిలుము పట్టదు కదా అన్నా.

మ్యూనిక్_వాసి:
ఆల్కలైన్ బ్యాటరీ అయితే దూదికి కొంచెం వెనిగర్ అద్ది తుడవండి, చాలావరకు పోతుంది. పారేయకండి. బాబ్జీ గారూ, ఏడూ ఏడు రకాలు, ఒకదాని ఆట ఇంకోదానికి రాదు.

బ్లిట్జ్_బాబ్జీ:
ఆట ఆట అంటారు, ఫొటోలో అన్నీ అద్దాల బీరువాలోనే ఉన్నాయి! మా బాబాయ్ అమెరికా నుంచి చెస్ ఛాలెంజర్ 7 అనే ఇలాంటి మెషీనే తెచ్చారు, కీలు నొక్కి మన ఎత్తు చెప్తే ఎర్ర అంకెల్లో జవాబిస్తుంది. దాన్ని షోకేసులో పెట్టి తాళం వేశారు. వేసవి సెలవుల్లో వెళ్ళిన ప్రతిసారీ అద్దం ఇవతల నిలబడి చూడ్డమే, ఒక్క ఎత్తు ఆడనిచ్చింది లేదు. ఓసారి చుట్టాలొస్తే చూపిద్దామని 110 వోల్టుల అడాప్టర్ తిన్నగా మన ప్లగ్గులో పెట్టారు, పొగొచ్చింది, అంతే. నాకు కోపం మెషీన్ మీద కాదు, ఆ తాళం మీద.

గుర్రం_ఎత్తు:
మ్యూనిక్ గారూ, ఏడింట్లో ఆడేవి ఎన్ని?

మ్యూనిక్_వాసి:
రెండు. మిగతావి తీయాలంటే భయం, ఒక్క పావు పోయినా అలాంటిది మళ్ళీ దొరకదు. మా బాబుకి తొమ్మిదేళ్ళు, వాణ్ణీ ఇంతవరకు ముట్టుకోనివ్వలేదు. బాబ్జీ గారి పోస్టు చదివి రాత్రి నిద్రపట్టలేదు. ఆదివారం వాణ్ణి ఆమ్‌స్టర్‌డామ్ ముందు కూర్చోబెడతా. ఆట అయ్యాక మాత్రం 32 పావులూ లెక్కపెట్టి నేనే లోపల పెడతా, ఆ విషయంలో తగ్గను.

బ్లిట్జ్_బాబ్జీ:
లెక్కపెట్టుకోండి. బాబు ఆడిన ఎత్తులు రాసి ఇక్కడ పెట్టండి, నేను ఎమ్యులేటర్‌లో అవే ఆడి చూస్తా.