ఆసుపత్రి బిల్లులన్నీ సర్కారే కడితే? వైజాగ్ వాళ్లు అనుభవాలు చెప్పండి

మురళీనగర్_ఫిల్టర్‌కాఫీ: మా అమ్మకి 67. పదకొండేళ్లుగా ఆరోగ్య బీమా ప్రీమియం కడుతున్నాను. మొన్న గాల్‌బ్లాడర్ రాళ్ల ఆపరేషన్‌కి 1,42,000 బిల్లయితే 38,000 కోసేశారు. గ్లౌజులు, దూది కూడా మా జేబులోంచే. పొద్దున తొమ్మిదికి డిశ్చార్జి అన్నారు, అప్రూవల్ వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అమ్మ చీర మార్చుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, చేతికి సూది గొట్టంతోనే మంచం అంచున కూర్చుంది. అందరి దగ్గరా పన్నుగా తీసుకుని, ఆసుపత్రి ఎవరిదైనా బిల్లు ప్రభుత్వమే కడితే ఈ గోల ఉండదు కదా? ఇంకోటి, ఉన్న బీమా చాలకపోతే పైఖర్చుకి తీసుకునే టాపప్ పాలసీ అమ్మకి ఏది మంచిది?

గాజువాక_బోల్టు: మాకు ఈఎస్ఐ ఉండేది, అదే చిన్న జీతాల కార్మికుల సర్కారు ఆరోగ్య బీమా. జీతంలో మాది 0.75 శాతం, ఓనరుది 3.25. నా పక్క మిషన్ కుర్రాడి డయాలసిస్ దానిమీదే నడుస్తోంది. కానీ 21,000 దాటితే అవుట్. నాకు ఇంక్రిమెంట్ వచ్చి 21,600 అయింది. షాపంతా స్వీట్లు పంచాను. కార్డు పోతుందని తర్వాత తెలిసింది.

క్లెయిమ్స్_పాతకాపు: పద్నాలుగేళ్లు క్లెయిములు చూసినవాణ్ణి, నాకు చెప్పకండి. గ్లౌజులు కొయ్యడం పాలసీలో రాసే ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టి తర్వాత ఏడిస్తే ఎలా?

మురళీనగర్_ఫిల్టర్‌కాఫీ: గ్లౌజుల్లేకుండా ఆపరేషన్ ఎలా చేస్తారు సార్? అది చెప్పండి ముందు.

క్లెయిమ్స్_పాతకాపు: చదవండి అంటున్నాను.

అక్కయ్యపాలెం_టు_టొరంటో: ఇక్కడ కెనడాలో మా పాప పుట్టినప్పుడు ఒక్క డాలర్ బిల్లు రాలేదు, పార్కింగ్ తప్ప. అదే నా మోకాలి ఎంఆర్ఐకి ఐదు నెలలు ఆగాను. సెలవుకి వచ్చినప్పుడు రామ్‌నగర్‌లో గంటలో తీసి చేతిలో పెట్టారు. బయట కొనే మందులకి, పంటి వైద్యానికి ఆఫీసు బీమా ఉండాల్సిందే. కెనడా అంటే స్వర్గం అనుకోకండి. అయినా రెండిట్లో ఏదంటే ఆ ఐదు నెలలే నయం.

వార్డు_ఆయా_కొడుకు: సర్కారు చేతిలో పెడితే స్ట్రెచర్ మీరే తోసుకోవాలి. ఒక ప్రభుత్వాసుపత్రిలో, పేరెందుకు, నాన్నని మూడో అంతస్తుకి నేనే తోశాను.

చినవాల్తేరు_చిన్ని: తోసేవాడికి 200 ఇచ్చి ఉంటే తోసేవాడు కదా, మాకు తోశారు.

వార్డు_ఆయా_కొడుకు: అదేనండీ మీలాంటివాళ్లు నేర్పిన అలవాటు. మా అమ్మ కాంట్రాక్టు ఆయాగా చేసింది. మూడు నెలలకోసారి జీతం. ఎవరి దగ్గరా పది రూపాయలు తీసుకోలేదు.

చినవాల్తేరు_చిన్ని: మీ అమ్మగారిని నేనన్నానా? నొప్పితో అరుస్తున్న మనిషిని పెట్టుకుని నీతి మాట్లాడమంటారా?

గాజువాక_బోల్టు: లిఫ్టు పనిచేస్తే ఈ గొడవే లేదు.

పోర్టు_రిటైర్డ్: స్ట్రెచర్ ఆపండి బాబూ. అసలు సంగతి ఒకటి చూడండి. నేవీ వాళ్లకి కల్యాణి, రైల్వే వాళ్లకి రైల్వే ఆసుపత్రి, మాకు పోర్టుది, స్టీలు వాళ్లకి ఉక్కునగరంలో, ఈఎస్ఐ మల్కాపురంలో. మరి కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఆటో తోలేవాడు? 1923 నుంచి ఉన్న సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌కే పోవాలి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లతో కలిసి. తైవాన్‌లో 1995లో ఇలా ముక్కలుగా ఉన్న బీమాలన్నీ కలిపి ఒక్కటి చేశారు. అధికారులూ అదే క్యూలో నిలబడితే లిఫ్టు దానంతటదే బాగవుతుంది.

సీతమ్మధార_శారద: నేవీ వాళ్లు ఒప్పుకుంటారా మాస్టారూ? మీ పోర్టు వాళ్లు ఒప్పుకుంటారా?

క్లెయిమ్స్_పాతకాపు: అంతెందుకు, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఒకరకంగా అదే. పేషెంటు దగ్గర పైసా తీసుకోరు, ప్రభుత్వ ట్రస్టు కడుతుంది. కట్టిందా? బకాయిలు పేరుకుపోయి 2025 అక్టోబరులో పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు సేవలే ఆపేశాయి. కట్టేది ఒక్కడే అయితే, వాడు ఎగ్గొడితే ఎవరి దగ్గరకి పోతారు?

పోర్టు_రిటైర్డ్: పేదవాళ్ల పథకం కాబట్టే ఆలస్యం చేశారు. కలెక్టర్ గారి బిల్లు కూడా అందులోంచే పోవాలంటే ఆగుతుందా?

సీతమ్మధార_శారద: ఇప్పుడు అందరికీ అంటున్నారుగా. 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు. రాష్ట్ర క్యాబినెట్ ఓకే చేసింది.

మురళీనగర్_ఫిల్టర్‌కాఫీ: అంటే మొదటి 2.5 లక్షలకి మళ్లీ కంపెనీయేనా! మా అమ్మ బిల్లు అందులోనే ఉంది. టాపప్ గురించి ఎవరూ చెప్పలేదు.

చినవాల్తేరు_చిన్ని: 70 దాటితే కేంద్రం 5 లక్షల కార్డు ఇస్తోంది, మూడేళ్లు ఆగండి.

మురళీనగర్_ఫిల్టర్‌కాఫీ: అప్పటిదాకా జబ్బు పడొద్దని అమ్మకి చెప్తాను.

గాజువాక_బోల్టు: రెన్యూవల్‌లో 18 శాతం జీఎస్టీ వేస్తే ఒప్పుకోకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు.

క్లెయిమ్స్_పాతకాపు: ప్రీమియం పెంచి దాన్ని లాగేస్తారులే.

వార్డు_ఆయా_కొడుకు: చిన్ని గారూ, ఆ 200 గురించి ఇంకా సమాధానం చెప్పలేదు.